తిరిగే చెవి, నిలిచే చెవి

అమ్మాయి: బాబాయ్, కొన్నాళ్ళుగా నువ్వు పంపుతున్న పాటలన్నీ విన్నాను. మాలీ దేశపు గిటారు, కేప్ వెర్డి నుంచి ఒక పెద్దావిడ పాట, నుస్రత్ ఖవాలీ, కోల్ట్రేన్ శాక్సఫోన్. ప్రతిదాని కిందా ఒకటే మాట, ‘నా ఫేవరెట్’ అని. ఇన్ని ఫేవరెట్లేమిటి? ఇన్నిటిమీద అంత ప్రేమ ఉందంటే నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు.

బాబాయి: అబద్ధం చెప్పలేదమ్మా, అన్నీ నచ్చాయి. ఆ మాలీ గిటారు అలీ ఫార్కా టూరే ఉన్నాడే, నైజర్ నది ఒడ్డున నియాఫుంకే అనే ఊరివాడు. లోకమంతా పేరొచ్చాక కూడా అక్కడే వ్యవసాయం చేసుకున్నాడు, చివర్లో ఆ ఊరికి మేయరయ్యాడు. రై కూడర్‌తో కలిసి 1994లో తెచ్చిన ‘టాకింగ్ టింబక్టూ’ మొదటిసారి విన్నప్పుడు లేచి కూర్చున్నాను. ఆ తీగ మీద మన శుద్ధ ధన్యాసి నడుస్తోంది! ఎక్కడి సహారా అంచు, ఎక్కడి శుద్ధ ధన్యాసి!

అమ్మాయి: చూశావా, నీ నోటితోనే చెప్పావు. నీకు నచ్చింది ఆయన పాట కాదు, శుద్ధ ధన్యాసి. ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళి, గోడ మీద మన ఊరి కొట్టువాడి క్యాలెండర్ కనబడిందని మురిసిపోయి వచ్చేశావు. స, గ, మ, ప, ని అనే ఆ అయిదు మెట్లు అమెరికాలో బ్లూస్ వాళ్ళకీ ఉన్నాయి. మెట్లు ఒకటైతే రాగం ఒకటవుతుందా? శంకరాభరణం తీసుకో, 29వ మేళకర్త. పాశ్చాత్యుల మేజర్ స్కేలులోనూ అవే ఏడు స్వరాలు. అంతమాత్రాన మొజార్ట్‌ని వింటూ ‘ఓహో, శంకరాభరణం’ అనేసినవాడు రెండిట్లో ఏదీ విననట్టే. మనవాళ్ళు స్వరాన్ని ఊపే తీరూ పోయింది, వాళ్ళు నాలుగు వరసల్ని ఒకేసారి నడిపే తీరూ పోయింది. మిగిలింది పోలిక.

బాబాయి: పోలికని అంత తీసిపారెయ్యకు. కొత్త సంగీతంలో పట్టుకోవడానికి ముందు ఏదో ఒక కొస దొరకాలి. ముత్తుస్వామి దీక్షితర్‌కి ఏ కొస దొరికిందో గానీ, మద్రాసు కోటలో ఇంగ్లీషువాళ్ళ బ్యాండు వాయించే బాణీలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. ఇంగ్లండు రాజుగారి స్తోత్రం బాణీలో శ్యామలాదేవి మీద పాట! తమ్ముడు బాలుస్వామి ఇంకో అడుగు ముందుకేసి వయొలిన్ నేర్చుకున్నాడు. ఆ అన్నదమ్ముల చెవులు కోట వైపు తిరక్కపోతే నీ భుజం మీద ఇవాళ ఆ వాయిద్యం ఉండేదా?

అమ్మాయి: అది గట్టి దెబ్బే. వయొలిన్ నేర్చుకుంటూ దానికి ఎదురు చెప్పలేను. కానీ ఒకటడుగుతా. నొట్టుస్వరాలనే ఆ పాటలు ఇప్పుడు ఎవరు పాడుతున్నారు? మొదట్లో చిన్నపిల్లలకి నేర్పుతారు, సరదాగా ఉంటాయని. దీక్షితర్ని దీక్షితర్ని చేసినవి కమలాంబా నవావరణ కృతులు. వయొలిన్ సంగతి కూడా చూడు. బాలుస్వామి తెచ్చింది పెట్టెని, దాని సంగీతాన్ని కాదు. కింద కూర్చుని, దాని తల పాదం మీద ఆనించుకుని, శ్రుతి మార్చుకుని, గమకం పలికేదాకా ఎన్ని తరాలు దానితో పెనుగులాడాయో! మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో చేరి ఒక జీవితకాలం దానికే ఇచ్చారు. ఆ పెట్టె మన ఇంటిదైంది అలా కూర్చున్నవాళ్ళ వల్ల.

బాబాయి: సరే, కోల్ట్రేన్ మాటేమిటి మరి? జాజ్‌లో ఆరితేరినవాడు. అలాంటివాడు రవిశంకర్ సంగీతం వెంటపడ్డాడు, ఆయన దగ్గర కూర్చుని రాగాల సంగతి అడిగి తెలుసుకున్నాడు, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఒకచోట నిలిచే చెవి కాదది.

అమ్మాయి: ఆయన పేరు నువ్వే ఎత్తుతావని చూస్తున్నాను. నాకు పంపిన పాట ఏది? ‘మై ఫేవరెట్ థింగ్స్’. 1961 రికార్డులో అది దాదాపు 14 నిమిషాలు. రెండు కార్డుల మీదే ఆగి, పియానో అక్కడక్కడే తిరుగుతూ ఉంటే, ఆయన సొప్రానో శాక్సఫోన్‌తో అల్లుకుంటూ పోతాడు. ఆ తరవాత కూడా ఆ పాటని వదల్లేదు. వేదికల మీద మళ్ళీ మళ్ళీ వాయించాడు. 1967 ఏప్రిల్లో, ఇక మూడు నెలల్లో పోతాడనగా, న్యూయార్కులో వాయించినప్పుడు అదే పాట అరగంట దాటింది. మొదటి రికార్డులో ఉన్న తీపి అందులో వెతుక్కోవాలి. నచ్చిన పాటతో ఒక మనిషి చేసిన పని అది. నువ్వేం చేశావు? 14 నిమిషాలది విని, హార్ట్ గుర్తు పెట్టి, పక్కదానికి వెళ్ళిపోయావు. 1967 నాటిది విన్నావా?

బాబాయి: విన్నాను. పది నిమిషాలు ఓర్చుకున్నాను.

అమ్మాయి: నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలి.

బాబాయి: మెచ్చుకోవడం తరవాత, ఇది చెప్పు. ఆయనకి ఆ పాట ఎక్కడ దొరికింది? ఏ జాజ్ గురువు దగ్గరా కాదు. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ అనే బ్రాడ్‌వే నాటకంలోది, 1959లో వచ్చింది. కాస్త గంభీరంగా సంగీతం వినేవాళ్ళు పెదవి విరిచే సరుకు. ఒక్క సంగీతంలోనే కళ్ళు మూసుకు కూర్చునే రకమైతే దానివైపు చూసేవాడా? నిలవడం గురించి నువ్వు చెప్పింది కాదనను. అయితే ఎక్కడ నిలవాలో తేలడానికి ముందు కాళ్ళరిగేలా తిరగాలి. ఆయన ఆరేళ్ళ పట్టుదలే నీకు కనబడుతోంది, ఆ పాట తగిలిన రోజు కనబడట్లేదు.

అమ్మాయి: ఆ రోజు ఒక్కటే. ఆరేళ్ళు ఆరేళ్ళు. నీకు మాత్రం రోజూ ఆ ఒక్క రోజే.

బాబాయి: ఏం చెయ్యమంటావు, మా తరం చెవి తయారైందే అలా. నేను పుట్టకముందు, 1952లో కేస్కర్‌గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక రేడియోలో సినిమా పాటల్ని దాదాపు లేకుండా చేశారు. శాస్త్రీయం వినిపిస్తూ ఉంటే జనానికి అభిరుచి అదే పెరుగుతుందని ఆయన నమ్మకం. జనం ముల్లు సిలోన్ వైపు తిప్పారు. హిందీకి బినాకా గీత్‌మాలా, తెలుగు పాటలకి మీనాక్షి పొన్నుదురై గొంతు. చివరికి 1957లో ప్రభుత్వమే వివిధ భారతి పెట్టుకోవాల్సి వచ్చింది. ఉద్దేశం మంచిదే, కాదనను. ఒక్క సంగీతం దగ్గర జనాన్ని కట్టేసి కూర్చోబెట్టాలంటే కుదరదు, అంతే. నాకు గుర్తున్న రేడియో వేరు. పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజనిలో బాలమురళి. తరవాత జానపదాలు. సాయంత్రం సినిమా పాటలు. రాత్రి నాన్నకి ఇష్టమైన హిందుస్థానీ గాత్రం, మాకు ఏడుపొచ్చేంత విలంబితంలో. ఏదీ నేను ఎంచుకున్నది కాదు. స్టేషన్ మార్చాలంటే నాన్న ఒప్పుకోవాలి. నచ్చనిది కూడా ఇంట్లో మోగుతూనే ఉండేది. ఎప్పటికో అదీ నచ్చేది.

అమ్మాయి: నువ్వు నా తరఫున వాదిస్తున్నావు బాబాయ్! ఆ రేడియో నిన్ను తిప్పలేదు, కూర్చోబెట్టింది. తప్పించుకునే దారి లేకనే నచ్చనిది నచ్చింది. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది వేరే సరుకు. స్పాటిఫై వాడు 2015 నుంచి సోమవారం సోమవారం ఒక్కొక్కరికీ 30 పాటలు వండి పెడుతున్నాడు. దేంతో వండుతాడు? నువ్వు విన్నవాటితో, నీలాంటి అభిరుచి ఉన్నవాళ్ళు విన్నవాటితో. దేశాలు మారతాయి, జానర్లు మారతాయి, నీ రుచి మాత్రం కదలదు. అందుకే నీకు ప్రతిచోటా శుద్ధ ధన్యాసి తగులుతోంది. ఇంకో విషయం, అక్కడ 30 సెకన్లు దాటితేనే ఒకసారి విన్నట్టు లెక్క. ఆ గడువులోపల నిన్ను పట్టుకోవాలని పాట చేసేవాడు ముందు భాగాన్ని కత్తిరించుకుంటున్నాడు. 30 సెకన్లలో తోడి ఆలాపన ఎక్కడిదాకా వస్తుంది? గాంధారం ఇంకా కుదురుకోదు.

బాబాయి: యంత్రం మీద నువ్వన్నది ఒప్పుకుంటాను. దాన్ని వెనకేసుకు రాను. కానీ నాకు బాగా దగ్గరైనవి యంత్రం ఇచ్చినవి కావు. ఆ కేప్ వెర్డి పెద్దావిడ, సెజారియా ఎవోరా పాట మన పెద్దాడు లిస్బన్ నుంచి పంపాడు, వాడికి పక్క బల్ల మీద పనిచేసే మనిషి వినిపించిందట. ఎవోరా యాభై దాటాకగానీ ప్రపంచానికి తెలియలేదు. వేదిక మీదికి చెప్పులు లేకుండా వచ్చేది. 1992 రికార్డులో ఒక పాట ఉంది, మొదటిసారి విన్నప్పుడు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎవరో దూరం పోయారని మాత్రం తెలిసిపోయింది. తరవాత చదివితే, కేప్ వెర్డి నుంచి సావో టోమే కోకో తోటల్లో కూలికి పోయినవాళ్ళ పాట అది. అప్పుడు నాకు పాలమూరు గుర్తొచ్చింది. మూటాముల్లె సర్దుకుని ఎక్కడెక్కడి ప్రాజెక్టుల కిందో మట్టి మొయ్యడానికి పోయిన కూలి జనం. భాష రాకుండానే నన్ను పట్టుకున్న పాటని ‘చుట్టపుచూపు’ అంటావా?

అమ్మాయి: అనలేను. అది నన్నూ పట్టుకుంది. కానీ నాకో భయం ఉంది. నువ్వు వాళ్ళ దుఃఖాన్ని గబగబా పాలమూరు చేసేశావు. సావో టోమే సావో టోమేగా ఎంతసేపు ఉంది నీ దగ్గర? వలస రాజ్యం మనుషుల్ని కాంట్రాక్టు కూలీలుగా ఓడలెక్కించి పంపిన కథ అది. దానికి దాని సొంత లెక్కలున్నాయి. మన బాధతో పోల్చుకోగానే అది అర్థమైపోయిందనుకుంటాం. అక్కడ ఆగిపోతాం.

బాబాయి: భాష తెలియని పాట మీద నువ్వు ఇంత అనుమానపడితే తిరువయ్యూరు వాళ్ళనేమంటావు? త్యాగరాజు తెలుగులో పాడుకున్నాడు. తెలుగు రాని తమిళులు ఆ పాటని నెత్తిన పెట్టుకుని మోశారు. అందులో సగం మందికి ‘ఏమంటున్నాడు’ అని అడిగితే చెప్పలేరు. వాళ్ళది వినడం కాదని తీర్పు చెబుతావా? వాళ్ళే లేకపోతే త్యాగరాజు మనకి ఎంత మిగిలేవాడో, తెలుగువాళ్ళం మనమే చెప్పుకోవాలి.

అమ్మాయి: త్యాగరాజు పోయింది 1847లో. ఆ తమిళులు అప్పటినుంచీ ఆయన్ని వదలకుండా ఉన్నారు. భాష రాకపోయినా పాఠాంతరం కాపాడారు, శిష్యుల పరంపరలు నడిపారు, ఒక్క పల్లవికి పది సంగతులు ఏ వరసలో రావాలో తరతరాలుగా అప్పగించుకుంటూ వచ్చారు. వాళ్ళంత కాలం ఒకదాని దగ్గర ఉంటే భాష రాకపోయినా ఫరవాలేదు. నువ్వు ఆవిడ పాట దగ్గర ఎంతసేపున్నావు? రెండో పాట విన్నావా? ఆవిడ పాడే ఆ మోర్నా అనే బాణీలో ఆవిడ కాక ఇంకెవరున్నారు?

బాబాయి: వినలేదు.

అమ్మాయి: దూరంవాటి సంగతి వదిలెయ్. నియాఫుంకే అని చక్కగా నోరు తిరుగుతోంది నీకు. పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యని నువ్వు ఎప్పుడు విన్నావు? ‘భీమ్లా నాయక్’ పాట వచ్చాక. 2022లో పద్మశ్రీ ఇచ్చాక. మనకి కొన్ని గంటల దూరంలో ఒగ్గుకథ చెప్పేవాళ్ళున్నారు. మల్లన్న కథ, బీరప్ప కథ, డోలు దెబ్బ మీద రాత్రంతా నడిపేవాళ్ళు. నీ ఫోన్లో మాలీ ఉంది, అది లేదు. ప్రపంచమంతా తిరిగే చెవికి పక్క వీధి ఎందుకు దూరమైంది? నాకు తోస్తున్నది చెబుతా, కోప్పడకు. దూరపు సంగీతం మననేమీ అడగదు. మాలీలో ఎవరి డప్పు ఎవరు కొట్టాలో, ఎవరు ఎవరి వాకిట్లో నిలబడి పాడాలో మనకి తెలియదు కాబట్టి హాయిగా ఉంటుంది. ఇక్కడ తెలుసు. అందుకే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాం.

బాబాయి: ... కోపం లేదు. దీనికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అది నిజం. కానీ తల్లీ, ఆ వీధుల మధ్య గోడలు కట్టింది నా ప్లేలిస్టు కాదు. లోతు, శుద్ధి, సంప్రదాయం, ఈ మాటలతోనే కట్టారు. హార్మోనియంలో గమకం పలకదని 1940లో ఆకాశవాణి దాన్ని వెలేసింది, 1971 దాకా. పెట్టె సంగతి కాబట్టి పోనీ అనుకుందాం. మనుషుల సంగతి? త్యాగరాజు సమాధి దగ్గర గుడి తన సొమ్ముతో కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసి కుటుంబంలో పుట్టిన స్త్రీ. అక్కడ ఏటా జరిగే ఆరాధనలో ఆవిడనే పాడనివ్వం అన్నారు. ఏళ్ళ తరబడి కొట్లాడితేగానీ ఆడవాళ్ళకి అక్కడ చోటు రాలేదు. నువ్వివాళ వయొలిన్ పట్టుకుని కూర్చునే వరసలో ఒకప్పుడు నీకు చోటు లేదు. ‘ఒక్కదాని దగ్గరే ఉండు’ అనే మాట వినగానే నాకు ముందు ఆ గేటు కనబడుతుంది. ఎవర్ని ఉండనిచ్చారు, ఎవర్ని బయట నిలబెట్టారు? అడ్డదిడ్డంగా తిరిగే చెవికి ఏ లోపం ఉన్నా, అది ఎవర్నీ బయట నిలబెట్టదు.

అమ్మాయి: గేటు ఉందన్నది నిజం. ఇప్పటికీ కొన్ని గేట్లు ఉన్నాయి, మా క్లాసులో ఎవరెవరు కూర్చుంటున్నారో చూస్తే తెలుస్తుంది. దానికి నేను సమర్థన చెప్పను. కానీ నాగరత్నమ్మని నాకు అప్పగించు. ఆవిడ ఆ గేటు ముందు అన్నాళ్ళు ఎందుకు నిలబడింది? ఇది కాకపోతే ఇంకో సంగీతం అని వెళ్ళిపోవచ్చుగా. ఒక్క వాగ్గేయకారుణ్ణి పట్టుకుని వదలకపోవడం వల్లే ఆ మొండితనం వచ్చింది. ఎక్కడా నిలవనివాడికి ఏ గేటు తీయించాల్సిన పనీ పడదు, పక్కనించి వెళ్ళిపోతాడు.

బాబాయి: అది కాస్త అన్యాయంగా ఉంది.

అమ్మాయి: కాస్త ఉంది. ఇంకోటి చెప్పి ఆపుతా. భైరవి అట తాళ వర్ణం నేర్చుకుంటున్నాను కదా. మొదట్లో నాకది చచ్చేంత విసుగు. చెప్పిందే చెప్పించుకునేవారు గురువుగారు. నా ఇష్టానికి వదిలేస్తే మొదటి వారమే స్కిప్ కొట్టేదాన్ని. ఇప్పుడు ఆ రెండు ధైవతాలు, ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి, అవి మారేచోట నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. నచ్చినవే వింటూ పోయేవాడికి, నచ్చనిది నచ్చడమనే అనుభవం ఎలా వస్తుంది? నీ నాన్న రేడియోలో నీకు వచ్చింది అది. దాన్నే నువ్వు పోగొట్టుకున్నావు.

బాబాయి: నీకు గురువుగారున్నారు, చెవి పట్టుకుని కూర్చోబెట్టడానికి. ఆఫీసు నుంచి బస్సులో నిలబడి ఇంటికొచ్చేవాడికి ఎవరున్నారు? వాడికి చెవిలో పడే కొత్త పాటే ఆ రోజుకి దొరికిన ఊపిరి. ఘంటసాల ‘జగదేకవీరుని కథ’లో దర్బారీ కానడ పాడితే, అది హిందుస్థానీ నుంచి వచ్చిన రాగమని తెలియని రిక్షావాళ్ళు కూడా పాడుకున్నారు. విజయనగరం కళాశాలలో చదివిన గొంతు, ఉత్తరాది రాగం, పెండ్యాల బాణీ, సినిమా హాలు. అంత కలగాపులగం. తెలుగువాడి చెవిలో జానర్లకి ఎప్పుడూ తలుపుల్లేవు. నువ్వు తలుపులు పెట్టమంటున్నావు.

అమ్మాయి: తలుపులొద్దు. కుర్చీ వెయ్యమంటున్నాను.

బాబాయి: కుర్చీ వేసుకుని ఎన్నాళ్ళు కూర్చోను? నాకు ఇంకో సంగీతం అంతు చూసేన్ని ఏళ్ళు లేవు. ఉన్న ఏళ్ళల్లో అసలు విననివి ఎన్ని ఉన్నాయో తెలిశాక ఊరుకోబుద్ధి కాదు. ఇది నీ వయసులో అర్థం కాదు.

అమ్మాయి: ఏళ్ళు లేవంటావు, అందుకే కదా ఒకదాన్నైనా దగ్గర్నించి చూడమంటున్నాను.

బాబాయి: సరే, ఒక పని చేద్దాం. పక్క వీధి అన్నావుగా. సంక్రాంతి దాటాక కొమురవెల్లి మల్లన్న జాతర మొదలవుతుంది. ఒగ్గువాళ్ళు అక్కడ పట్నం వేసి కథ చెబుతారు. రా, వెళ్దాం. నీకూ ఆ వీధి కొత్తేగా?

అమ్మాయి: కొత్తే. వస్తాను. కానీ ఒక షరతు. కథ మొదలయ్యాక తెల్లారేదాకా కదలకూడదు. ఫోన్ తియ్యకూడదు. ఇది ఏ రాగంలా ఉందని నాతో అనకూడదు.

బాబాయి: మూడోది కష్టం. అయినా ఒప్పుకున్నాను. ఆ దగ్గర్లోనే ఇంకో ఊళ్ళో చిందు భాగోతం కూడా ఆడుతున్నారేమో కనుక్కుంటాను. ఉంటే అర్ధరాత్రి లేచి అదీ ఓ గంట చూసి వచ్చేద్దాం.

అమ్మాయి: బాబాయ్!

బాబాయి: ఏం, చిందువాళ్ళు చేసిన పాపమేమిటి?